దయ్యాన్ని ఆపే మీట

మా వదిన న్యూజెర్సీలో కాపరం పెట్టిన కొత్తరోజులు. 1986 అక్టోబరు 31. సాయంకాలం దీపాలు పెట్టేవేళకి వీధి తలుపు గంట మోగింది. తీసి చూస్తే గుమ్మంలో ఒక అస్థిపంజరం, ఒక మంత్రగత్తె, దుప్పటి కప్పుకున్న ఒక దయ్యం, వాళ్ళ వెనకాల కాస్త సిగ్గుపడుతూ ఒక తేనెటీగ! ఎవరూ మూడున్నర అడుగులకి మించి లేరు. అందరూ ఒక్క గొంతుతో ఏదో అరిచి సంచులు చాపారు. వదిన బిత్తరపోయి లోపలికి పరుగెత్తి, డబ్బాలో వున్న జంతికలు తలా రెండూ వేసి పంపించింది. ఆ పిల్లలు ఇంటికెళ్ళి వాటిని చూసి ఏమనుకున్నారో భగవంతుడికే తెలియాలి! మర్నాడు పక్కింటావిడ చెప్తేగాని అది హాలోవీన్ అనే పండగనీ, ఆ రాత్రి దయ్యాలకి చాకొలెట్లు పెట్టి సాగనంపాలనీ వదినకి తెలియలేదట.

ఆ పండగకి గుమ్మడికాయ ముఖ్యం. గుమ్మానికి గుమ్మడికాయ కట్టడం మనకేం కొత్త కాదు. దిష్టికి బూడిదగుమ్మడికాయ లేని గృహప్రవేశం వుంటుందా! వాళ్ళది మాత్రం తీపి గుమ్మడి. లోపలి గుజ్జంతా తోడేసి, కళ్ళూ ముక్కూ పళ్ళూ చెక్కి, లోపల దీపం పెట్టి వాకిట్లో కూర్చోబెడతారు. ఐర్లండులో పూర్వం టర్నిప్ దుంపల్ని ఇలా తొలిచేవారట. 1840ల్లో బంగాళాదుంపకి తెగులు తగిలి ఘోరమైన కరువొచ్చి, లక్షలాది జనం ఓడలెక్కి అమెరికా చేరారు. అక్కడ వాళ్ళకి గుమ్మడికాయ దొరికింది. టర్నిప్ కంటే పెద్దది, తొలవడానికి తేలిక. నవంబరు 1 క్రైస్తవులకి పునీతులందరి పండగ. దాని ముందు రాత్రి చచ్చిపోయినవాళ్ళు తిరుగుతారని పాత కెల్టు జాతుల నమ్మకం. మన మహాలయ పక్షం లాంటిదే అనుకోండి. మనం పెద్దలకి పిండాలు పెడతాం. వాళ్ళ పిల్లలు పెద్దల వేషంలో వచ్చి మిఠాయి వసూలు చేసుకుపోతారు, అంతే తేడా.

సరే, నేను చెప్పదలుచుకున్నది పండగ గురించి కాదు. ఆ పండగ చుట్టూ పిల్లల కోసం పుట్టుకొచ్చిన సినిమాల గురించీ, అవి హాళ్ళలోంచి మన ఇళ్ళల్లోకి, అందులోనూ అమ్మల చేతుల్లోకి వచ్చిన వైనం గురించీ. పిల్లలకి భయమంటే ఇష్టం. భయమంటే భయం కూడాను. మనం అన్నం తినిపించడానికి బూచాణ్ణి పిలుస్తాం, నిద్రపుచ్చడానికి అదే బూచాణ్ణి పొమ్మంటాం. ఎంత భయం ముద్దు, ఎంతైతే జ్వరం తెప్పిస్తుంది అనే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. కన్నవాళ్ళకే తెలియాలి. అయితే సినిమా హాల్లో ఆ లెక్క కన్నవాళ్ళ చేతిలో వుండదు.

వాల్ట్ డిస్నీకి మొదటినుంచీ దయ్యాల మీద మోజే. 1929లోనే శ్మశానంలో అస్థిపంజరాలు నాట్యం చేసే బొమ్మల సినిమా తీశాడు. 1949లో వాషింగ్టన్ ఇర్వింగ్ పాత కథ తీసుకుని, తలలేని గుర్రపురౌతు ఒక బక్కపల్చటి బడిపంతుల్ని తరిమే కథ తీశాడు. ఆ తరిమే ఘట్టం ఇప్పటికీ పెద్దవాళ్ళకే గుండె ఝల్లుమనిపిస్తుంది. 1952లో డొనాల్డ్ డక్ ఇంటికి ముగ్గురు మేనల్లుళ్ళు వేషాలేసుకుని మిఠాయికి వస్తారు. ఆ పెద్దమనిషి వాళ్ళ సంచుల్లో టపాకాయలు పడేసి నెత్తిన నీళ్ళు గుమ్మరిస్తాడు. అప్పుడు హేజెల్ అనే మంత్రగత్తె వచ్చి పిల్లల పక్షం వహిస్తుంది. ఎనిమిది నిమిషాల బొమ్మ. యుద్ధకాలంలో పంచదారకి పెట్టిన రేషను 1947లో తీసేశాక, ఈ ఇంటింటి మిఠాయి ఆచారం మళ్ళీ జోరందుకుని అప్పటికి అయిదేళ్ళు.

ఇవన్నీ హాల్లో చూడాల్సినవే. దీపాలు ఆర్పేశాక పిల్ల ఏడ్చిందనుకోండి, ఎత్తుకుని బయటికి నడవడం తప్ప గత్యంతరం లేదు. మనకి విఠలాచార్య సినిమాలు అనుభవమే కదా! తెర మీద కొరివిదయ్యం రాగానే పక్కనున్న పిల్లాడి తల అమ్మ పమిట చెంగులోకి దూరేది. ‘వెళ్ళిపోయిందా?’ అని లోపల్నుంచి అడగడం, ‘ఇంకా లేదు, వుండు’ అని అమ్మ చెప్పడం. ఆ రోజుల్లో భయాన్ని ఆపే మీట అమ్మ పమిటే.

ఆ తర్వాత టెలివిజన్ వచ్చింది. 1966 అక్టోబరు 27 రాత్రి అమెరికాలో సీబీయస్ వాళ్ళు ఒక పాతిక నిమిషాల బొమ్మల సినిమా వేశారు. చార్ల్స్ షుల్జ్ వేసే పీనట్స్ బొమ్మలకథల్లోని చార్లీ బ్రౌన్, అతని నేస్తాలూ అందులో పాత్రలు. గొప్ప గుమ్మడికాయ ఒకటి హాలోవీన్ రాత్రి పాదులోంచి లేచి పిల్లలకి బొమ్మలు పంచుతుందని లైనస్ అనే పిల్లవాడి నమ్మకం. లోకమంతా మిఠాయి పోగుచేసుకుంటుంటే వాడు మాత్రం గుమ్మడిపాదులో కూర్చుని ఎదురుచూస్తాడు. చార్లీ బ్రౌన్ సంచిలో ఇంటింటా మిఠాయికి బదులు రాయి పడుతుంది. ఆ రాళ్ళు చూసి పిల్లలు ఎంత నొచ్చుకున్నారంటే, పాపం చార్లీ బ్రౌన్‌కి ఇవ్వమని దేశం నలుమూలల నుంచీ మిఠాయి పొట్లాలు వచ్చి పడ్డాయని ఆ సినిమా తీసినవాళ్ళు చెప్పుకునేవారు.

నాకు మాత్రం అందులో మరచిపోలేనిది లూసీ. లైనస్ అక్క. నోరు పెద్దది, ఎవర్నీ లెక్కచెయ్యదు, తమ్ముడి వల్ల పరువు పోతోందని వీధిలో నిలబడి దులిపేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తే లేచి వాడి మంచం చూస్తుంది. ఖాళీ. కోటు తొడుక్కుని పాదులోకి వెళ్ళి, చలికి గజగజ వణుకుతున్న తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, బూట్లు విప్పి, దుప్పటి కప్పుతుంది. ఒక్క మాట మాట్లాడదు. అక్కగా పుట్టినవాళ్ళకి ఆ సన్నివేశానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆ బొమ్మ ఏడాదికి ఒక్కసారి వచ్చేది. ఆ అరగంటలో కరెంటు పోయినా, పిల్లాడికి నిద్ర ముంచుకొచ్చినా మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ సంగతీ అంతే. 1939లో వచ్చిన ఆ సినిమాని 1956లో మొదటిసారి టెలివిజన్‌లో వేశారు. 1959 నుంచి ఏటేటా వెయ్యడం మొదలుపెట్టారు. హాలోవీన్ మంత్రగత్తె అనగానే ఇప్పుడందరికీ గుర్తొచ్చే ఆకుపచ్చ మొహం ఆ సినిమా చలవే. ఆ వేషం కట్టినావిడ మార్గరెట్ హామిల్టన్.

ఈవిడ గురించి కొంచెం చెప్పాలి. నటి కాకముందు చిన్నపిల్లల బళ్ళో పంతులమ్మ! పిల్లలంటే ప్రాణం. ఆ మంత్రగత్తె వేషంలో నిప్పుల్లోంచి మాయమయ్యే సన్నివేశం తీస్తుండగా మొహం, చెయ్యి నిజంగానే కాలి కొన్ని వారాలు మంచాన పడింది. సినిమా తయారయ్యాక చూస్తే పిల్లలు మరీ జడుసుకుంటున్నారని ఆవిడ సన్నివేశాలు కొన్ని కత్తిరించారు. మిగిలినవే తరాల తరబడి పిల్లల కలల్లోకి వచ్చాయి. 1976లో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల కార్యక్రమంలో ఆవిడ అదే వేషంతో కనిపిస్తే తల్లులు గోలపెట్టి ఉత్తరాలు రాశారు. ఆ భాగాన్ని నిర్వాహకులు మళ్ళీ ప్రసారం చెయ్యలేదు.

అంతకు ముందు సంవత్సరమే, 1975లో, ఫ్రెడ్ రోజర్స్ ఇంకో దారి పట్టాడు. పిల్లలకి మెల్లగా, మెత్తగా మాటలు చెప్పే పెద్దమనిషి ఆయన. తన కార్యక్రమానికి హామిల్టన్‌ని మామూలు బట్టల్లో రమ్మన్నాడు. మామ్మగారిలాగే వుందావిడ. పిల్లలు చూస్తుండగానే నల్లగౌను, కోటు, టోపీ ఒక్కొక్కటే తొడుక్కుంది. ఆ మంత్రగత్తె చెడ్డదే గాని, పాపం కోరుకున్నదేదీ దక్కని మనిషని చెప్పింది. ఎదురుగా మామ్మగారు కనిపిస్తుండగానే మంత్రగత్తె తయారైతే ఇక భయమెక్కడ!

ఇంతలో ఒక యంత్రం వచ్చి ఇదంతా మార్చేసింది. 1975లో సోనీ వాళ్ళు బీటామాక్స్ అమ్మకానికి పెట్టారు. మరుసటేడు జపానులో జేవీసీ వాళ్ళ వీహెచ్‌యస్ వచ్చింది. టెలివిజన్‌లో వచ్చేదాన్ని టేపు మీదికెక్కించి ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. సినిమా కంపెనీల గుండెల్లో రాయి పడింది. 1976లో యూనివర్సల్ కంపెనీ కోర్టుకెక్కింది. దానికి తోడుగా వాదిగా నిలబడ్డదెవరో తెలుసా? పిల్లల సినిమాలకి పుట్టిల్లైన డిస్నీ! ఈ యంత్రం తమ సొత్తు దొంగిలిస్తుందని వాళ్ళ మొర. 1982లో నిర్మాతల సంఘం అధ్యక్షుడు జాక్ వలెంటీ అమెరికా ప్రతినిధుల సభ సంఘం ముందు ఇంకో మెట్టు ఎక్కి, ఒంటరి ఆడదానికి గొంతు నులిమే హంతకుడెలాగో సినిమా పరిశ్రమకి ఈ యంత్రం అలాగ అన్నాడు. ఆడవాళ్ళ ప్రాణాన్ని ఉపమానానికి వాడుకోవడం ఎంత సులువో చూశారా! ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ యంత్రంతో ఏం చేస్తున్నారో ఆయన అడిగినట్టు లేదు.

అడిగితే చెప్పగలిగినవాడు ఆ మెత్తటి రోజర్సే. కింది కోర్టులో సోనీ పక్షాన సాక్ష్యం చెప్పాడు. నా కార్యక్రమం కొన్ని ఊళ్ళలో పిల్లలు చూడలేని వేళలో వస్తోంది, దాన్ని రికార్డు చేసుకుని తీరిగ్గా చూపించుకోవడం కుటుంబాలకి మేలే, ఇంట్లో టెలివిజన్ ఎలా నడవాలో ఇంటివాళ్ళే నిర్ణయించుకోవాలి అన్నది ఆయన మాటల సారాంశం. 1984 జనవరి 17న సుప్రీం కోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, ఇంట్లో చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం నేరం కాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో రోజర్స్ సాక్ష్యాన్ని ఉదహరించారు. ఒక్క ఓటు అటు పడి వుంటే ఇక్కడ నేను చెప్పబోయేదంతా వేరుగా వుండేది. తమాషా ఏమిటంటే, కోర్టులో దావా నడుస్తుండగానే, 1980 నుంచే డిస్నీ తన కేసెట్లు తాను అమ్ముకోవడం మొదలుపెట్టింది! ఆ తర్వాత ఆ టేపులమీద ఆ కంపెనీ గడించినంత ఇంకెవరూ గడించలేదేమో అనిపిస్తుంది.

కేసెట్లు అద్దెకిచ్చే దుకాణాలు వీధికొకటి చొప్పున వెలిశాయి. అక్కడ తల్లులకి ఇంకో తలనొప్పి. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ సినిమా పెద్దలకి, అందులోనూ గుండెదిటవు వున్న పెద్దలకి. అలాంటివన్నీ రక్తం ఓడే బొమ్మల అట్టలతో పిల్లల కంటి ఎత్తుకే పేర్చి వుండేవి. సర్టిఫికెట్ చూసి తెద్దామంటే అదీ నమ్మకం లేదు. అక్కడ పీజీ అంటే మనలా ఎమ్మే చదువు కాదు. తల్లిదండ్రుల సలహా మీద చూడవచ్చునని అర్థం. 1982లో వచ్చిన ‘పోల్టర్‌గైస్ట్’కి కూడా ఆ పీజీయే ఇచ్చారంటే ఇంక ఏం చెప్పను! టెలివిజన్ సెట్టే పసిపిల్లని మింగేసే కథ అది. 1984లో ‘గ్రెమ్లిన్స్’, ‘ఇండియానా జోన్స్’ రెండో సినిమా చూసి పిల్లలు బెదిరిపోయారని గొడవ జరిగాకే, పదమూడేళ్ళలోపు వాళ్ళకి తగకపోవచ్చు అనే కొత్తమెట్టు పెట్టారు.

పిల్లల్ని రాత్రిపూట ఇంట్లోనే కూర్చోబెట్టుకోవాలనిపించే కారణం కూడా అప్పుడే ఒకటి వచ్చిపడింది. 1982 శరదృతువులో షికాగో ప్రాంతంలో ఎవరో తలనొప్పి మాత్రల సీసాల్లో విషం కలిపితే ఏడుగురు చనిపోయారు. నెలరోజుల్లో హాలోవీన్. ముక్కూ మొహం తెలియని ఇళ్ళల్లో పెట్టిన మిఠాయి పిల్లల చేత ఎలా తినిపిస్తాం? కొన్ని ఆస్పత్రులు పిల్లల మిఠాయి సంచుల్ని ఎక్స్‌రే తీసి ఇచ్చాయి. తీరా జోయెల్ బెస్ట్ అనే సమాజశాస్త్రజ్ఞుడు పాత వార్తలన్నీ తిరగేసి 1985లో తేల్చిందేమంటే, పరాయివాడు హాలోవీన్ మిఠాయిలో విషం పెట్టి పిల్లల్ని చంపాడనడానికి రుజువైన ఉదంతం ఒక్కటీ లేదని. కాని భయానికి లెక్కలతో పనేముంది! నాలుగిళ్ళ పిల్లల్నీ ఒకచోట చేర్చి, ఇంట్లో వండిన తినుబండారాలు పెట్టి, ఒక కేసెట్ వెయ్యడం ఎంత క్షేమం!

అలా కూర్చున్న పిల్లలకి ముందు ముందు దొరికిన వాటిల్లో ‘ఈటీ’ ఒకటి. 1982లో హాళ్ళని ఊపేసిన సినిమాని ఆరేళ్ళు ఇళ్ళకి రానివ్వకుండా దాచి, 1988 అక్టోబరులో, సరిగ్గా హాలోవీన్ వారంలో కేసెట్‌గా వదిలారు. కోటికి పైగా అమ్ముడుపోయాయి. అందులో హాలోవీన్ రాత్రి పిల్లలు ఆ వేరేలోకపు జీవికి దుప్పటి కప్పి, చెల్లెలే దయ్యం వేషం వేసిందని అమ్మని నమ్మించి వీధిలోకి తీసుకుపోతారు. అందరూ వేషాల్లో వుండగా వేషం లేనివాడు దాక్కోవడానికి ఏడాదిలో ఆ ఒక్కరాత్రే అనువు. ఎంత చక్కని ఊహ!

వదిన దగ్గరికి మళ్ళీ వస్తాను. 1989లో ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ పుట్టి యాభై ఏళ్ళయిందని కొత్త కేసెట్ అమ్మారు. వదిన కొని తెచ్చింది. పిల్లాడికి అయిదో ఏడు. ఆకుపచ్చ మొహం కనిపించగానే కెవ్వుమని కేకేసి సోఫా వెనక్కి దూరాడు. వదినకి కంగారులో ఏం చెయ్యాలో తోచక చేతిలో వున్న మీట నొక్కింది. మంత్రగత్తె నోరు తెరుచుకుని అలాగే నిలిచిపోయింది. మొహం మీద తెల్లటి గీతలు, బొమ్మ కొంచెం కొంచెం వణుకుతోంది. దయ్యమే వణికితే ఇంక భయపడేవాడెవడు! పిల్లాడు మెల్లిగా బయటికొచ్చి, అద్దం మీద వేలు పెట్టి చూశాడట. తర్వాత మీట తను తీసుకున్నాడు. ఆపాడు, వదిలాడు, మళ్ళీ ఆపాడు, వెనక్కి తిప్పాడు. వారం తిరిగేసరికి “నేను నొక్కితేగాని అది రాదు కదమ్మా” అన్నాడట. వదిన ఈ ముక్క నాకు ఉత్తరంలో రాసింది. ఫ్రెడ్ రోజర్స్ ఎవరో అప్పటికి ఆవిడకి తెలియదు.

హాల్లో గెలవలేని సినిమాలు ఇళ్ళల్లో గెలిచిన కథ కూడా ఈ మీటదే. ‘హోకస్ పోకస్’ సంగతి చూడండి. కెన్నీ ఒర్టేగా దర్శకుడు. బెట్ మిడ్లర్, సారా జెసికా పార్కర్, కాథీ నజిమీ ముగ్గురు మంత్రగత్తె అక్కచెల్లెళ్ళు. సేలం ఊళ్ళో 1693లో ఉరిపడ్డ ఈ ముగ్గురూ మూడువందల ఏళ్ళ తర్వాత ఒక కుర్రాడు కొవ్వొత్తి వెలిగించగానే లేచివచ్చి, ఒకతైతే వాక్యూం క్లీనరే ఎక్కి, ఎగురుతూ పిల్లల ప్రాణాల కోసం తిరుగుతారు. హాలోవీన్ సినిమాని ఎవరో మహానుభావుడు జూలైలో, 1993 జూలై 16న, విడుదల చేశాడు. ఒకపక్క ‘జురాసిక్ పార్క్’ డైనోసార్లు, అదేరోజు విడుదలైన ‘ఫ్రీ విల్లీ’ తిమింగలం. విమర్శకులు చీల్చి చెండాడారు. సినిమా చప్పున చల్లారిపోయింది.

మరుసటేడు కేసెట్ వచ్చింది. అక్టోబరు అక్టోబరుకీ డిస్నీ చానల్లో వెయ్యడమూ మొదలైంది. పిల్లలు చూశారు, మళ్ళీ చూశారు, టేపు అరిగేదాకా చూశారు. ఆ పిల్లలే పెద్దవాళ్ళై తమ పిల్లలకి చూపించారు. 2020లో మహమ్మారి వల్ల కొత్త సినిమాలు లేక హాళ్ళు వెలవెలబోతుంటే దాన్ని మళ్ళీ హాళ్ళలో వేశారు, జనం వెళ్ళారు కూడా! 2022లో రెండో భాగం వచ్చింది. ఒక్క చిక్కు. ఆ కొవ్వొత్తి వెలిగించేవాడు బ్రహ్మచారి అయి వుండాలని కథలో నియమం. ఆ మాట పాత్రలన్నీ పదేపదే అంటుంటాయి. “బ్రహ్మచారి అంటే పెళ్ళికానివాడమ్మా” అని మనం సర్దుకోవచ్చు, ఇంగ్లీషులో ఆ సదుపాయం లేదు. అక్కడ తల్లులకి అక్కరకొచ్చింది ఆపే మీట కాదు, ముందుకి పరుగెత్తించేది.

నాకు ఆ సినిమాతో వున్న పేచీ వేరు. సేలం కట్టుకథ కాదు. 1692లో అక్కడ మంత్రగత్తెలని నెపం వేసి నిజంగానే మనుషుల్ని ఉరితీశారు. పద్నాలుగురు ఆడవాళ్ళు, అయిదుగురు మగవాళ్ళు. ఇంకొక ముసలాయన్ని బండరాళ్ళ కింద తొక్కి చంపారు. మొదట నింద పడ్డ ముగ్గురిలో ఒకతె బానిస, ఒకతె బిచ్చమెత్తుకునే సారా గుడ్. సారా నాలుగయిదేళ్ళ కూతుర్ని కూడా సంకెళ్ళేసి చెరసాలలో పెట్టారు. జూలై 19న సారాతోపాటు ఉరికంబమెక్కిన రెబెక్కా నర్స్ డెబ్భై ఏళ్ళు దాటిన మామ్మగారు. మన పల్లెల్లో చేతబడి అనీ, బాణామతి అనీ దిక్కులేని ఆడవాళ్ళమీద పడ్డ నిందలు, వాటి పర్యవసానాలు ఎరిగినవాళ్ళకి ఇది దూరదేశపు కథలా అనిపించదు. సినిమాలో ఊరివాళ్ళే న్యాయం, ఉరిపడ్డవాళ్ళే రాక్షసులు. నవ్వొస్తుంది, నేనూ నవ్వాను. కాని పిల్లకి పదేళ్ళు వచ్చాక అక్కడొకసారి ఆపి, జరిగింది ఇది కాదమ్మా అని చెప్పాలనిపిస్తుంది. రెండో భాగం వచ్చిన 2022లోనే ఇంకొకటి జరిగింది. 1693లో మరణశిక్ష పడి, ఉరి తప్పినా నింద తప్పని ఎలిజబెత్ జాన్సన్ అనే ఆవిడ నిర్దోషి అని మసాచుసెట్స్ ప్రభుత్వం ప్రకటించింది. దానికోసం పట్టుబట్టిందెవరనుకున్నారు? నార్త్ ఆండోవర్ ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలూ, వాళ్ళ టీచరమ్మా!

అదే 1993 అక్టోబరులో ‘నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’ వచ్చింది. హాలోవీన్ ఊరి రాజుగారైన అస్థిపంజరం, తన పండగ విసుగెత్తి క్రిస్మస్‌ని ఎత్తుకొస్తాడు. కథ టిం బర్టన్‌ది, దర్శకుడు హెన్రీ సెలిక్. చేత్తో చేసిన బొమ్మల్ని వెంట్రుకవాసి కదుపుతూ, సెకనుకి ఇరవైనాలుగు చొప్పున ఒక్కొక్క ఫొటోగా తీశారు. వారమంతా కష్టపడితే ఒక నిమిషం సినిమా. ఆ ఒక్క అస్థిపంజరానికే మొహంలో భావాలు మారడానికి నాలుగొందల తలలు చేశారట! ఇది మన పిల్లలకి మరీ చీకటిగా వుందని డిస్నీ తన పేరు వెయ్యకుండా టచ్‌స్టోన్ అనే ఇంకో పేరుతో విడుదల చేసింది. ఇళ్ళల్లో పిల్లలు దాన్ని గుండెకి హత్తుకున్నాక, మెల్లిగా మళ్ళీ తన పేరే తగిలించుకుంది. 1995లో వచ్చిన ‘కాస్పర్’ దయ్యం మాత్రం మరీ మంచి బాలుడు. వాడి మీద నాకంత గురి లేదు. 1998లో టెలివిజన్ కోసం తీసిన ‘హాలోవీన్‌టౌన్’లో డెబ్బీ రేనాల్డ్స్ అమ్మమ్మ వేషం వేసింది. సంచీ నిండా మిఠాయిలతో బస్సు దిగే ఆ అమ్మమ్మే మంత్రగత్తె. మనవరాలికి విద్య నేర్పాలని ఆవిడ, వద్దని మధ్యలో కూతురు. దయ్యాలు తీసేసి చూస్తే మన ఇళ్ళల్లో రోజూ జరిగేదే.

కేసెట్ల కాలం వెళ్ళిపోయింది. 1997లో అమెరికాలో డీవీడీలు వచ్చాయి. 2006 నాటికి పెద్ద కంపెనీలు సినిమాల్ని టేపు మీద వెయ్యడం మానేశాయి. ఆఖరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాను ఫునాయ్ కంపెనీ 2016లో చేతులెత్తేసింది. ఇప్పుడు చందా కడితే గాలిలోంచి వచ్చేవే అన్నీ. 2020లో చార్లీ బ్రౌన్ గుమ్మడికాయ బొమ్మ హక్కులు ఆపిల్ కంపెనీ చేతికి వెళ్ళాయి. యాభైనాలుగేళ్ళుగా అందరిళ్ళకీ ఊరికే వచ్చే బొమ్మ ఆ ఏడు మామూలు చానల్లో రాలేదు. చందా లేనివాళ్ళకి పండగపూట మూడురోజులు దయతలిచారు. జనం అల్లరి చేస్తే 2021లో ఒకసారి పబ్లిక్ టెలివిజన్‌లో వేశారు. 2022లో అదీ లేదు.

ఆ సంవత్సరమే వదిన కొడుకు, అదే, సోఫా వెనక దాక్కున్నవాడు, తన కూతుర్ని వెంటపెట్టుకుని తల్లి దగ్గరికి వచ్చాడు. అటకమీద అట్టపెట్టెలో పాత కేసెట్లున్నాయి. వాటిలో ఒకదాని మీద వాడి చేత్తోనే వంకరటింకర అక్షరాల్లో గుమ్మడికాయ అని రాసి వుంది. టెలివిజన్‌లో వస్తుండగా వదిన ఎక్కించినది. వీసీఆర్‌కి దుమ్ము దులిపి, లోపల సాగిపోయిన రబ్బరుపట్టా మార్చి, రెండుగంటలు తంటాలు పడ్డాక బొమ్మ వచ్చింది. మధ్యమధ్య ఆ కాలపు కార్న్‌ఫ్లేక్స్ ప్రకటనలతో సహా. లైనస్ పాదులో చలికి వణుకుతుంటే మనవరాలు “నాన్నా, ఆపు” అందట. వాడు ఆపాడు. తెల్లటి గీతలతో బొమ్మ నిలిచిపోయింది. పిల్ల లేచి లోపలికి వెళ్ళి, దుప్పటి తెచ్చి కప్పుకుని, నాయనమ్మ ఒళ్ళో సర్దుక్కూర్చుని, “ఇప్పుడు వెయ్యి” అంది.